ఐసీయూలో అమ్మ పక్కన ఎవరున్నారు?

ఐసీయూలో చేరే పెద్దవాళ్ల కోసం కుటుంబాలు ముందుగా ఏమేం నిర్ణయించుకోవాలో చెబుతాను, ఒక అరగంట ఇవ్వండి అని అమెరికాలోని మన తెలుగు సంఘం సభ్యురాలైన డాక్టరుగారు అడిగితే, పండగ పూట అశుభం మాటలెందుకని మన కార్యవర్గం ఆ అంశాన్ని ఉగాది కార్యక్రమం నుంచి తీసేసింది. అదే వేదిక మీద పంచాంగ శ్రవణంలో గ్రహణాలు, రోగభయాలు, ఎవరికెంత అవమానమో అన్నీ శ్రద్ధగా విన్నాం. శుభకార్యంలో చావు మాట ఎత్తకపోవడం మన మర్యాదే, కాదనను. అయితే ఆ మాటకు మరో రోజు కూడా కేటాయించకపోవడం నాకు కష్టంగా ఉంది.

తెనాలి నుంచి మమ్మల్ని చూడవచ్చిన మా అత్తగారు న్యుమోనియా ముదిరి ఇక్కడ వెంటిలేటర్ మీదికి వెళ్లారు. ఐసీయూలో వృద్ధులకు తరచుగా వచ్చే డెలీరియంను, అంటే ఉన్నట్టుండి మనసు గందరగోళపడే స్థితిని, కనిపెట్టడానికి నర్సు పది ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా చదువుతూ, ‘ఏ’ వినబడినప్పుడల్లా తన చెయ్యి నొక్కమంటుంది. అయిదో తరగతి దాకా తెలుగు బడిలో చదివిన మనిషి, కళ్లజోడూ చెవి మిషనూ సంచిలో ఉండిపోగా, ఎప్పుడని నొక్కుతుంది? టాబ్లెట్ తెర మీంచి దుబాసీ తెలుగులో చెప్పిన మాట అలారాల మోతలో ఆవిడ చెవిన పడలేదు. ధ్యాస నిలవడం లేదని రాసుకున్నారు, గొట్టాలు లాగేసుకుంటారని చేతులకు మెత్తటి తొడుగులు కట్టారు. సాయంత్రం మా ఆవిడ వెళ్లి, చెవి మిషను పెట్టి, కళ్లజోడు తగిలించి, “అమ్మా, నేను ‘క’ అన్నప్పుడల్లా నా చెయ్యి నొక్కు” అని అక్షరాలు కలగలిపి చదివితే, ఒక్కటి కూడా తప్పలేదు. పక్కనే నిలబడి చూసిన నర్సు తానే వెళ్లి డాక్టరును పిలుచుకొచ్చి తొడుగులు విప్పించింది.

వృద్ధుల ఐసీయూ వైద్యంలో మందులు, యంత్రాలతో పాటు మత్తు తగ్గించడం, వీలైనంత త్వరగా లేపి కూర్చోబెట్టడం, రాత్రి నిద్రపోనివ్వడం, తెలిసిన గొంతు వినిపించడం కూడా భాగమే. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలని ఇక్కడి చట్టం చెబుతుంది, కానీ తెరమీది దుబాసీ మంచం పక్కన కూర్చోలేడు. గుంటూరు ఆసుపత్రి వరండాల్లో దుప్పటి పరుచుకుని, క్యారియరు పక్కన పెట్టుకుని, లోపలి నుంచి పేరు పిలిస్తే చాలు ఉలిక్కిపడి లేచే అటెండెంట్లను చూసి ఒకప్పుడు విసుక్కునేవాళ్లం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఈ దేశంలో మనకు కరువైంది ఆ మనుషులే.

దూరాన ఉన్న మనకు ఇంకో అలవాటుంది. అర్ధరాత్రి హైదరాబాదుకు ఫోను చేసి, “ఎంతైనా ఫరవాలేదు, అన్నీ చేయండి” అంటాం. అందులో ప్రేమ ఎంతో, దగ్గర లేమన్న బాధ ఎంతో చెప్పలేం గానీ, ఆ ‘అన్నీ’ కావాలని నాన్న అన్నారా అని ఎవరూ అడగరు. తాను చెప్పలేని స్థితిలో ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే ముందస్తు వైద్య నిర్దేశాలకు భారత సుప్రీంకోర్టు 2018లో గుర్తింపునిచ్చింది, 2023లో మేజిస్ట్రేటు సంతకం అక్కర్లేకుండా, ఇద్దరు సాక్షుల ఎదుట రాసి నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే చాలని సులభం చేసింది. తన తరఫున ఎవరు నిర్ణయం చెప్పాలో కూడా అందులో రాసుకోవచ్చు. అమెరికా ఆసుపత్రులు ఇలాంటి పత్రం ఉందా అని చేరేటప్పుడే అడగాలన్న చట్టం 1990 నాటిది. అయినా మన ఇళ్లలో ఆ కాగితం కంటే ముందు వీసా పత్రాలు, ఇన్సూరెన్సు కార్డు తయారవుతాయి.

భౌతికకాయాన్ని స్వదేశం పంపడానికి రాత్రికి రాత్రే విరాళాలు పోగుచేసే మన సంఘాలకు మనుషుల్ని కూడగట్టడం కొత్త కాదు. ప్రతి శాఖలోనూ, కుటుంబం అనుమతితో, ఆసుపత్రి నియమాలకు లోబడి, వంతుల వారీగా మంచం పక్కన కూర్చుని తెలుగులో మాట్లాడే పదిమంది పేర్లు కార్యదర్శి దగ్గర ఉండాలి. డాక్టరుగారికి ఏదో ఒక మామూలు శనివారం, పండగతో ముడిపెట్టకుండా, అరగంట కాదు, పూటంతా ఇవ్వండి. ఆ రోజు నోటరీని పిలిపించే పని నేను చూసుకుంటాను. మీరు మీ అమ్మానాన్నలను వెంటబెట్టుకుని రండి, వాళ్లకేం కావాలో వాళ్ల నోటితోనే విందాం.