క్రీమీలేయర్ ఎవరో తెలుసుకుని మాట్లాడండి

ఒళ్లు మండిపోతోంది. మా మేనకోడలు ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కోసం, అంటే ఓబీసీల్లో బాగా పైకొచ్చిన కుటుంబం కాదు, రిజర్వేషన్ వర్తిస్తుందని ఇచ్చే కాగితం కోసం ఆఫీసుకి వెళ్తే, "మీ అన్నయ్య మిలిటరీలో ఉన్నాడు కదమ్మా, మీరు క్రీమీలేయర్ కిందికి వస్తారు" అని వెనక్కి పంపేశారు. సెంట్రల్ ఉద్యోగానికి అప్లై చేయాలి, గడువు దగ్గరపడింది. పిల్ల ఇంటికొచ్చి అన్నం కూడా ముట్టలేదు.

అన్న ఉద్యోగానికీ చెల్లెలి సర్టిఫికెట్‌కీ ఏం సంబంధం? చూడాల్సింది తల్లిదండ్రుల హోదా, ఆదాయం. 1993 నాటి కేంద్ర ఉత్తర్వులోనే ఆ సంగతి ఉంది. ఇప్పటి పరిమితి ఏడాదికి 8 లక్షలు. అందులో జీతమూ, వ్యవసాయం మీద వచ్చేదీ కలపకూడదు. ఆఫీసులోని ఆ పెద్దమనిషి మాత్రం మా బావ జీడితోటలో ఎన్ని బస్తాల పిక్కలు దిగుతాయో అడిగి, దరఖాస్తు వెనకాలే పెన్నుతో గుణించాడట!

అసలు క్రీమీలేయర్ అన్న మాట ఎవరిని ఉద్దేశించి పుట్టింది? 1975లో ఎన్.ఎం. థామస్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ వాడారు. వెనుకబడిన కులాలకి దక్కాల్సింది వాళ్లలోనే పైనున్న మీగడ తన్నుకుపోతోందని ఆయన బాధ. 1992లో ఇంద్రా సాహ్నీ కేసులో తొమ్మిది మంది జడ్జీలు కూర్చుని విన్నారు. ఓబీసీలకి 27 శాతం రిజర్వేషన్ సరేనన్నారు, ఆ మీగడని మాత్రం పక్కన పెట్టమన్నారు. అంటే తండ్రి ఐఏఎస్ అయిన ఇల్లు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎండలో వంగి జీడిపిక్కలు ఏరుకునే ఇల్లు కాదు.

తరతరాలుగా భూములూ చదువులూ కుర్చీలూ చేతిలో ఉన్నవాళ్లకి ఇలాంటి ముద్ర ఎవరైనా వేశారా? వాళ్లింట్లో నలుగురు ఆఫీసర్లుంటే ప్రతిభ అంటారు. మా ఇంట్లో ఒక్కడు సిపాయి అయితే చాలు, ఇంటిల్లిపాదినీ వేలెత్తి చూపిస్తారు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఏమయ్యారు ఈ లెక్కలన్నీ కట్టేవాళ్లు? బావ తాత వేసిన జీడిచెట్లు వేళ్లతో సహా లేచి పడ్డాయి. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు తోటలోకి దిగలేదు, రోడ్డు మీంచే చూసి పోయారు. పడిన చెట్లలో సగం కూడా కాగితం మీదికి ఎక్కలేదు. బావ చెన్నైలో సెంట్రింగ్ పనికి పోయి ఇల్లు నెట్టుకొచ్చాడు. కొడుకు మిలిటరీకి వెళ్లిందీ ఆ అప్పులు తీర్చడానికే.

సోమవారం ఆ ఉత్తర్వు ప్రింట్ తీసుకుని పిల్లతో పాటు నేనూ వెళ్తున్నాను. ఇవ్వము అంటే, ఎందుకు ఇవ్వరో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మంటాను.