‘ఈసారికి’ అంటూ ఎన్నిసార్లు?

తెగి వేలాడుతున్న కరెంటు తీగను ఒక యువకుడు వెదురు గడతో పైకెత్తి పట్టుకున్నాడు. దాని కింద నుంచి స్కూటర్లు, ఆటోలు దాటిపోతున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు ఈలలు వేస్తున్నారు. మొన్నటి గాలివాన తర్వాత ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో ఫోను నుంచి ఫోనుకు తిరుగుతున్న వీడియో ఇది. ఆ యువకుడు ప్రాణాలతో ఉన్నాడు, అంతవరకు సంతోషం. మమ్మల్ని కలవరపెట్టింది మాత్రం వీడియోలో వెనక నుంచి వినిపించే ఒక మాట: ‘లైన్‌మన్ గారే పక్కకు తీయమన్నారు, ఈసారికి.’

ఈసారికి! సరిహద్దు జిల్లాల్లో తుపాను వెలిసిన ప్రతిసారీ వినిపించే మాటే. మనుషులు లేరు, ఈసారికి మీరే తీగ పక్కకు లాగండి. బండి రాలేదు, ఈసారికి మీరే ఫ్యూజు వేసుకోండి. దారి మూసుకుపోయింది, ఈసారికి మీరే కొమ్మ కొట్టేయండి. ఇలా ఒక్కొక్కసారికి ఇచ్చిన అనుమతులన్నీ కలిసి ఇప్పుడు ఆనవాయితీగా స్థిరపడ్డాయి. కరెంటు ఆపవలసిన, తీగ తొలగించవలసిన బాధ్యత విద్యుత్ పంపిణీ సంస్థ చేతుల్లోంచి జారి వీధిలో నిలబడిన కుర్రవాడి చేతిలోని గడ మీదికి వచ్చింది.

2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు విరుచుకుపడ్డాయి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పాఠకులకు వీటి గురించి మేము కొత్తగా చెప్పవలసింది లేదు. వేలాది స్తంభాలు ఒక్కసారిగా ఒరిగిపోయినప్పుడు సిబ్బంది ప్రతి వీధికీ వెంటనే చేరుకోలేరన్న వాదనలో నిజముంది. నీళ్ల మోటారు ఆగి, ఫోన్లు మూగబోయిన ఇంటివాళ్ల తొందరా అర్థం చేసుకోదగినదే. అయినా ఆలస్యం ఎంత సహజమైనా, ప్రాణం పోయే పనిని ఊరివాళ్లకు అప్పగించే అధికారం ఏ లైన్‌మన్‌కూ, ఏ జూనియర్ ఇంజినీరు (జేఈ)కీ లేదు.

ఊళ్లో దీపాలు ఆరిపోయాయి కాబట్టి తీగలో కరెంటు లేదనుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం. 11 వేల వోల్టుల తీగ తెగి ఇసుక మీదో, ఎండిన నేల మీదో, తారు రోడ్డు మీదో పడితే భూమిలోకి దిగే కరెంటు చాలా తక్కువగా ఉండవచ్చు. అప్పుడు ఫ్యూజు పోదు, సబ్‌స్టేషన్‌లో కరెంటును ఆపే బ్రేకరు పడదు. తీగ నిప్పురవ్వ రాల్చకపోవచ్చు, చప్పుడు చేయకపోవచ్చు, ప్రాణం మాత్రం తీస్తుంది. బ్రేకరు పడిన చోటా నిశ్చింతగా ఉండడానికి లేదు. కొన్ని లైన్లలో అది కొద్ది సెకన్లకే తనంతట తాను మళ్లీ కలుసుకుని కరెంటు ఇస్తుంది, లేదంటే సబ్‌స్టేషన్‌లో ఉన్నవారు లైను నిలుస్తుందో లేదో చూడడానికి మళ్లీ చార్జి చేస్తారు, అంటే కరెంటు వదులుతారు. గడ పట్టుకున్న కుర్రవాడికి ఆ సంగతి చెప్పేవారెవరు?

ఆ గడ సంగతీ చూద్దాం. వానకు తడిసిన వెదురులోంచి కరెంటు పారుతుంది. 11 వేల వోల్టుల దగ్గర ఎండిన కర్రనూ నమ్మడానికి లేదు. ఇక కాళ్లకున్న హవాయి చెప్పులా? సిబ్బంది వాడే రబ్బరు చేతితొడుగులను సైతం ఎంత వోల్టేజికి తట్టుకుంటాయో పరీక్షించాకే వాడాలి. వారపు సంతలో కొన్న చెప్పులకు ఏ పరీక్ష జరిగింది?

తీగను తాకకపోయినా చనిపోవచ్చన్నది మన పల్లెల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. తెగిన తీగ నేలను తాకిన చోట కరెంటు భూమిలోకి దిగి చుట్టూ పరుచుకుంటుంది. తీగకు దగ్గరలో వోల్టేజి ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. పెద్ద అంగ వేసినప్పుడు ఒక పాదం ఎక్కువ వోల్టేజి ఉన్న చోట, రెండో పాదం తక్కువ ఉన్న చోట పడుతుంది. ఆ తేడా ఒంట్లోంచి కరెంటును పారిస్తుంది. పశువులకు ముందుకాళ్లకూ వెనుకకాళ్లకూ ఎడం మరీ ఎక్కువ. అందుకే పొలంలో తీగ పడితే ముందు కూలేది ఆవు. ఆవు కూలిందని పరుగెత్తుకెళ్లే రైతు ఆ తర్వాతివాడు. తీగకు కనీసం 10 మీటర్లు, అంటే దాదాపు 33 అడుగుల దూరంలో ఆగిపోవాలి. నేల తడిగా ఉంటే ఇంకా దూరంగా. తెలియక దగ్గరికి వెళ్లినవారు రెండు పాదాలూ చేర్చి, నేల మీద నుంచి ఎత్తకుండా కొద్దికొద్దిగా జరుగుతూ బయటపడాలి. కారు మీదో ఆటో మీదో తీగ పడితే లోపలే కదలకుండా కూర్చోవాలి. మంటలు లేస్తేనే దిగాలి, అదీ బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ కలిపి దూకి.

వీధిలో ఇలా ఉంటే ఇంటి దగ్గర ‘ఈసారికి’ ఇంకా ధీమాగా చెలామణీ అవుతోంది. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు గోడ నుంచి ఊడి రేకుల మీద పడితే, కుర్చీ వేసుకుని దాన్ని పైకి కట్టేవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. ఆ వైరు పైతొడుగు ఎండకు పగిలి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలియదు. తగిలిన రేకులకూ, ఆ రేకులకు కట్టిన బట్టల తీగకూ, ఇనుప గేటుకూ కరెంటు పాకి ఉండవచ్చు. మీటరు దాకా ఉన్న సర్వీసు వైరు పంపిణీ సంస్థ పని, దాని మీద పడిన కొమ్మను కొట్టడమూ వారి పనే. ఇంటివాళ్లు చేయగలిగింది మెయిన్ స్విచ్ ఆపడం, అదీ పొడి నేల మీద నిలబడి చేతికి అందితేనే. మీటరు పెట్టె దాకా నీళ్లు నిలిచి ఉంటే ఆ గదిలోకే వెళ్లకూడదు. కరెంటు వచ్చాక బల్బులు కొన్ని విపరీతంగా వెలిగి, కొన్ని మినుకుమినుకుమంటే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగిందని అనుమానించి తక్షణం మెయిన్ ఆపేయాలి. 230 వోల్టులు రావలసిన ఇంటికి అప్పుడు 400 దాకా రావచ్చు.

జనరేటర్ల సంగతి మరీ దారుణం. చేంజోవర్ స్విచ్ (లైనునూ జనరేటరునూ ఒకేసారి కలవనివ్వని స్విచ్) లేకుండా జనరేటరును నేరుగా ఇంటి ప్లగ్గుకు కలిపితే, ఆ కరెంటు సర్వీసు వైరు గుండా వెనక్కి పోయి, ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల వోల్టులుగా మారి, లైను ఆపేశామన్న ధైర్యంతో స్తంభమెక్కిన కార్మికుణ్ని చంపుతుంది. ఎక్కేది తరచుగా కాంట్రాక్టు కార్మికుడే. పెళ్లిమండపాల వారు, ఐస్ ఫ్యాక్టరీల వారు, రెండంతస్తుల ఇళ్లవారు ఈ మాట తమకు కాదనుకోవద్దు.

ఇప్పుడు చట్టం సంగతి. 2003 విద్యుత్ చట్టంలోని 161వ సెక్షన్ ప్రకారం, లైను వల్ల మనిషికి గానీ పశువుకు గానీ ప్రాణహాని జరిగితే, గాయపడినా సరే, ఆ సంస్థ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలి. గడువు 24 గంటలు. నీళ్లు నిలిచిన రోడ్డు మీద పడి ఉన్న తీగ తగిలి ఒక సైకిలిస్టు చనిపోయిన కేసులో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు ‘ఎవరో దొంగతనంగా కరెంటు లాగారు, తప్పు మాది కాదు’ అని వాదించింది. సుప్రీంకోర్టు 2002లో ఆ వాదనను తోసిపుచ్చింది. ఇంత ప్రమాదకరమైన సరుకును సరఫరా చేసేవారు తమ నిర్లక్ష్యం లేదని చూపినా పరిహారం ఇవ్వవలసిందేనని చెప్పింది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నచోట ‘ఈసారికి’ ఎవరికి పనికొస్తుందో పాఠకులే ఆలోచించాలి. నోటి మాటగా తీయమన్నవారి పేరు ఏ కాగితం మీదా ఉండదు. తీసినవాడు బతికితే హీరో. చనిపోతే, ‘హెచ్చరికలను పట్టించుకోకుండా తీగను తాకాడు’ అని రాసుకోవడానికి వీలు. గోడ మీద ‘తాకరాదు’ అని రాయించి ఫోనులో ‘తీసేయండి’ అని చెప్పేవారిది రెండు నాలుకల ధోరణి అనడానికి మేము వెనుకాడం.

1999 పెను తుపానులో దాదాపు పదివేల మందిని పోగొట్టుకున్న ఒడిశా, ఫైలిన్ నాటికి దాదాపు పది లక్షల మందిని ముందే తరలించి దేశానికి దారి చూపింది. గాలి రాకముందు చూపే ఆ పట్టుదల గాలి తగ్గాక ఏమవుతోంది? లైను మళ్లీ చార్జి చేసే ముందు ఏ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు పోయే లైను), ఏ ఊళ్లు, ఎన్ని గంటలకు అన్నది మైకులో ఎందుకు చెప్పరు? బరంపురం తెలుగు వీధుల్లో, కాశీనగర్ చుట్టుపక్కల పల్లెల్లో ఒడియా చదవలేని పెద్దలున్నారు. వారికి తెలుగులో చెప్పడానికి ఆటో, మైకు, అరగంట సమయం చాలు. విద్యుత్ ఫిర్యాదుల ఫోను నంబరు 1912కు వచ్చిన ప్రతి తెగిన తీగ ఫిర్యాదుకూ, లైను ఆపిన సమయం, ఆపినవారి పేరు నమోదు కావాలి. ఫిర్యాదు చేసినవారికి ఆ వివరం తిరిగి చెప్పాలి. ఊరివాళ్లతో తీగ తీయించిన ఉద్యోగిపై చర్య ఉండాలి, ప్రమాదం జరగకపోయినా సరే. జరిగేదాకా ఆగితే అది మరో ‘ఈసారికి’ అవుతుంది.

సర్పంచులకూ వార్డు మెంబర్లకూ ఒక మాట. గడ పట్టుకున్న కుర్రవాడి పక్కన నిలబడి ఫోటో దిగడం నాయకత్వం కాదు. తాడు కట్టి, రెండు వైపులా మనుషులను నిలబెట్టి, పిల్లలనూ పశువులనూ అటు పోనివ్వకుండా లైను ఆపారని ఖాయమయ్యే దాకా కాపలా కాయండి. అందులో ఈలలు ఉండవు, వీడియోలు రావు. అయినా మీరు చేయవలసింది అదే.

అక్టోబరు ఏటా వస్తుంది, మధ్యలో వైశాఖపు గాలివానలూ వస్తాయి. లైన్ల వెంట కొమ్మలు కొట్టడం, ఒరిగిన స్తంభాలు నిలబెట్టడం, తెగిన తీగ దగ్గరికి మనిషిని పంపడం ఏ విద్యుత్ సెక్షన్ పరిధిలో ఎవరి పనో పేర్లతో సహా ప్రతి జేఈ కార్యాలయం ముందు ఒడియాలోనూ తెలుగులోనూ రాసి పెట్టండి. ఆ పాటి ధైర్యం లేకపోతే, స్తంభాల మీద పుర్రె బొమ్మ వేసి తగిలించిన ‘అపాయం’ బోర్డులు మీరే వచ్చి విప్పి తీసుకుపోండి. ఆ పని కూడా ఈసారికి ఊరి కుర్రవాళ్లకే అప్పగించకండి.