విండో రాని ప్లగిన్

భజన పాట రికార్డింగ్‌లో మంద్ర, తార శబ్దాల పాళ్లు సరిచేసే ఈక్వలైజర్ ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) లోడ్ అవుతుంది, శబ్దమూ మారుతుంది. దాని విండో మాత్రం తెరుచుకోదు! బదులుగా బోసిగా స్లైడర్ల వరస ఒకటి ప్రత్యక్షం. మృదంగం ఎడమ వైపు మోత ఎక్కడ ఎక్కువైందో చూసి తగ్గిద్దామంటే గ్రాఫే లేదు, అంకెలు పట్టుకుని తడుముకోవాలి. అసలే మా బైరాగిపట్టెడలో ఆటోల గోల సద్దుమణిగాక గానీ ఈ పనికి కూర్చోలేను.

గొడవంతా టూల్‌కిట్లది, అంటే విండోలు, బటన్లు గీసిపెట్టే లైబ్రరీలది. లినక్స్‌లో ఎల్‌వీ2 (ఆడియో ప్లగిన్ల ప్రమాణం) ప్లగిన్ విండోని ఒకరు జీటీకే2తో చేస్తారు, ఇంకొకరు జీటీకే3తో, మరొకరు క్యూటీ5తో. జీటీకే2, జీటీకే3 ఒకే ప్రాసెస్‌లో ఇమడవు. రెండింట్లోనూ చాలా ఫంక్షన్లకు అవే పేర్లు మరి. హోస్ట్ (ప్లగిన్‌ని తనలోనే నడిపే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) ఒకటి వాడుతుంటే ప్లగిన్ రెండోదాన్ని వెంటబెట్టుకొస్తే, అయితే విండో రాదు, లేకపోతే సెషన్ మొత్తం ఢమాల్. సుయిల్ అనే లైబ్రరీ మధ్యవర్తిత్వం చేస్తుంది గానీ కొన్ని జోడీలకే. జీటీకే2కి 2020లోనే మంగళం పాడేశారు, ప్లగిన్లు మాత్రం ఇంకా దాన్నే పట్టుకుని వేలాడుతున్నాయి.

టూల్‌కిట్ జోలికి పోకుండా నేరుగా ఎక్స్11 (లినక్స్‌లో తెరమీద విండోలు చూపే పాత వ్యవస్థ) మీద బొమ్మ గీసుకునేవే నయం. దాని స్థానంలోకి వేలాండ్ వచ్చాక వాటికీ ఎక్స్‌వేలాండ్ (ఎక్స్11 ప్రోగ్రాములని వేలాండ్‌లో నడిపించేది) ఊతం కావాల్సి వస్తోందనుకోండి.

పొద్దున్నే భజన బృందం పెద్దాయన ఫోన్: "ఏం నాయనా, మా పాట అయిపోయిందా?"

"ఇంకో రోజు పడుతుంది సామీ, విండో రాలేదు."

"కిటికీ లేకుంటే తలుపు తెరుచుకోరాదా?"