ఒకే గది, ఒకే మాస్టారు, ఆహా!

పొద్దున్నే కాఫీ కూడా తాగలేదు, ఫ్యామిలీ గ్రూపులో మా పెద్దనాన్న కొడుకు ఫోటో పెట్టాడు. మా ఊరి బడి. కింద ఒక ముక్క: "ఒకే గది, ఒకే మాస్టారు, ఐదు తరగతులు. ఆ రోజులే వేరు." పదకొండు మంది దండాలు పెట్టేశారు. మా పిన్నికైతే కళ్లు చెమర్చాయట. ఒక్కరూ అడగరే? అన్నా, నువ్వు ఆ బడిలో చదివిందెప్పుడు? అనంతపురం కాన్వెంటులో కదా నువ్వు చదివింది!

చదివింది నేను. 1986 నుంచి 1991 దాకా. ఆ అందమేంటో చెప్తా వినండి.

బండల కప్పున్న గది. బోర్డు ఒకటే. మధ్యలో సుద్దముక్కతో గీత గీస్తే ఎడమ పక్క మూడో తరగతి, కుడి పక్క నాలుగూ ఐదూ. ఒకటీ రెండూ తరగతులు బోర్డుకి వీపు పెట్టి గోడవైపు కూర్చోవాలి. వాళ్లు గొంతు చించుకుని రెండో ఎక్కం చదువుతుంటే మేం భాగహారాలు చేయాలి. వానొస్తే మాస్టారి కుర్చీ ఏ మూలకి జరిగితే ఐదు తరగతులూ ఆ మూలకే.

1991 ఫిబ్రవరిలో జనాభా లెక్కలొచ్చాయి. సారు ఇల్లిల్లూ తిరుగుతుంటే బడి ఎవరు నడిపారనుకున్నారు? ఐదో తరగతి. అంటే నేనే. పదేళ్ల పిల్లని, చేతిలో బెత్తం, ఎదురుగా ఒకటో తరగతి పిల్లలు, అందులో ఒకడు అమ్మ కావాలని ఒకటే ఏడుపు. నిజానికి ఆ నెలలో నేను నేర్చుకోవాల్సింది భిన్నాలు. ఇప్పటికీ మా పాప లెక్కల పుస్తకం తెస్తే వాళ్ల నాన్న దగ్గరికి తోలేస్తా.

సారుని ఏమీ అనట్లేదు. బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిచొచ్చేవాడు పాపం. నా మంటంతా ఈ "ఆహా" బ్యాచ్ మీదే. వీళ్లలో ఇంకో రకం ఉన్నారు, "తెల్లోడు రాకముందు ఊరూరా వీధి బడి ఉండేది" అని మొదలెడతారు. ఉండేది, ఎవరు కాదన్నారు? మా అనంతపురం అప్పుడు బళ్లారి జిల్లాలోనే ఉండేది. అక్కడి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823లో మద్రాసుకి లెక్క రాసి పంపాడు. 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు ఎంతమందో చెప్పుకోండి. అరవై. జిల్లా మొత్తానికి! పొద్దున ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట, రెండోవాడికి సున్నా, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోవడమే. ఆఖర్న ఎవరొస్తారు? ఇంట్లో పేడ ఎత్తి, నీళ్లు మోసి వచ్చేవాళ్లే కదా. మా కాలానికి సరస్వతి పోయింది, దెబ్బలు మాత్రం మిగిలాయి.

1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అని సర్కారు ఒక పథకం పెట్టింది. బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వీలైతే ఒకరు ఆడ టీచరు. మా ఊళ్లో రెండో గదికి పునాది పడింది. ఐదో తరగతి అయిపోయేదాకా ఆ పునాది రాళ్ల మీదే కూర్చుని సద్ది తిన్నాం. రెండో టీచరైతే ఇంకా బస్సు దిగినట్టు లేదు. 2009లో చట్టం కూడా వచ్చింది, అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాల్సిందేనని. ఇవాళ్టికీ ఒక్క టీచరుతో నడిచే బడులు మీ మండలంలో ఎన్ని ఉన్నాయో ఒకసారి కనుక్కోండి.

సరే, అసలు మంట ఇది కాదు. అన్న ఇంకో మెసేజ్ పెట్టాడు: తలా ఐదు వేలు వేసుకుని బడికి రంగులేయిద్దాం, గుమ్మం మీద అబ్బ (మా తాత) పేరు రాయిద్దాం, "విద్యాదాత" అని.

విద్యాదాత! జత ఎద్దుల్ని అమ్మి మనవడికి కాన్వెంటు ఫీజు కట్టాడు, నిజమే. నేను ఐదు పాసైతే ఏమన్నాడో అమ్మని అడగండి. "హైస్కూలు ఐదు కిలోమీటర్లు. ఆడపిల్లకి ఎందుకే, చాల్లే." ఏడాది పాటు శనక్కాయలు వలిచాను. అమ్మ మూడు రోజులు అన్నం మానేస్తే గానీ ఆరో తరగతి మొహం చూడలేదు. గుమ్మం మీద రాయాలంటే అమ్మ పేరు రాయండి, పది వేలు వేస్తా.

దీనికి అన్న జవాబు: "అవన్నీ ఇప్పుడెందుకు చెల్లెమ్మా. మాస్టారు మనకి గ్లోబు తిప్పి చూపించేవారు, గుర్తుందా?"

మనకి అట! నేను మూడో తరగతిలో ఉండగా ఆ గ్లోబు ఇనుప పెట్టెలో వచ్చింది. పగిలితే సారు జీతంలో కోస్తారని పెట్టెకి తాళం వేసి ఉంచేవారు. తీసింది ఒక్కసారే, ఆగస్టు 15న. కాన్వెంటు నుంచి బూట్లేసుకుని వచ్చిన మనవడు ముచ్చటపడ్డాడని. వాడు తిప్పుతుంటే మేం ఎండలో లైన్లో నిలబడి, చేతిలో కరిగిపోతున్న చాక్లెట్ పట్టుకుని చూశాం.