గడ్డి మందు కొట్టే ముందు ఒక్క మెసేజ్ పెట్టడానికి ఏమైంది?

నిన్న పొద్దున మా కాలనీ పార్కులో గడ్డి మందు కొట్టారు. బోర్డు లేదు, గేటుకు తాళం లేదు, గ్రూపులో ఒక్క మెసేజ్ లేదు. మెయింటెనెన్స్ కట్టనివాళ్ల పేర్లు మాత్రం అదే గ్రూపులో ఒకటో తారీకు దాటగానే పెడతారు. మా కుక్క చింటూ గాడు రోజూలాగే వెళ్లి ఆ తడి గడ్డిలో పొర్లాడు. ఇంటికొచ్చి కాళ్లు నాక్కున్నాడు. మధ్యాహ్నానికి నోట్లోంచి తీగలా చొంగ. సాయంత్రానికి పసుపు నురగతో వాంతులు, వెనక కాళ్ల మీద నిలబడలేకపోయాడు. గిన్నెలో పెరుగన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. వాడు పుట్టి బుద్ధెరిగాక పెరుగన్నం వదిలింది లేదు.

హనుమకొండలో డాక్టర్ దగ్గరికి ఎత్తుకుని పరుగెత్తాం. ఆయన ముందుగా అడిగింది "ఏ మందు కొట్టారమ్మా?" అని. అసోసియేషన్ పెద్దమనిషికి ఫోన్ చేస్తే, "గడ్డి మందేనమ్మా, మనుషులకే ఏం కాదు, కుక్కకేమైతది?" అన్నాడు. కొట్టిన అబ్బాయిని అడిగితే, "షాపుల కలిపి ఇచ్చిన్రక్కా, డబ్బా నా దగ్గర లేదు" అన్నాడు. పాపం ఆ పిల్లాడి చేతులకు గ్లౌజులు లేవు, ముక్కుకు గుడ్డ లేదు, కాళ్లకు హవాయి చెప్పులు. వాడి ప్రాణమూ వీళ్లకు లెక్కలేదు.

గడ్డి మందంటే ఒకటే మందా? గ్లైఫోసేట్ అయితే వాంతులు, విరేచనాలు, చొంగ. మందు ఆకుకు అంటుకోవాలని అందులో కలిపే పదార్థమే కడుపును ఎక్కువ పాడు చేస్తుంది. 2,4-డి అయితే కుక్కల కిడ్నీలు దాన్ని మనుషులంత తొందరగా బయటికి పంపలేవు, కండరాలు బిగుసుకుపోతాయి. పారాక్వాట్ కడుపులోకి పోతే ఊపిరితిత్తులే పోతాయి, దానికి విరుగుడు లేదు. దాని సంగతి వరంగల్ వాళ్లకు నేను చెప్పాలా? మన పల్లెల్లో ఆ డబ్బా ఎన్ని ఇళ్లను ముంచిందో అందరికీ తెలుసు. యూరప్ 2007లోనే దాన్ని ఆపేసింది. గ్లైఫోసేట్‌నైతే పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే కొట్టాలని 2022 అక్టోబర్‌లో కేంద్రమే నోటిఫికేషన్ ఇచ్చింది. మరి మా పార్కులో తైవాన్ స్ప్రే పంపు వేసుకుని ఎవరు పడితే వాళ్లు ఎట్లా కొడతారు?

డాక్టర్ వాడికి ఒళ్లంతా షాంపూతో కడిగించి సెలైన్ పెట్టారు. "మందు వల్లే కావచ్చు, పేరు తెలియకుండా గట్టిగా చెప్పలేను" అన్నారు. ఆ 'కావచ్చు'ను పట్టుకుని గ్రూపులో ఒకాయన "చికెన్ బొక్కలు తినుంటాడు" అని పెట్టాడు. దానికి నాలుగు దండాలు, రెండు బొటనవేళ్లు. ఒక్కరూ ఎట్లా ఉన్నాడని అడగలేదు.

పాములొస్తున్నాయట, అందుకని కొట్టారట. ఒక కూలీని పెట్టి గడ్డి కోయిస్తే పాములు పోవా? పార్కు ముందు కమాను రంగులకు డబ్బులుంటాయి, కోత కూలీకి ఉండవు. పోయిన ఏడాది కూడా ఇదే పని చేశారు. పెత్రమాసకు ముందు మా వెనక ఖాళీ ప్లాట్లలో గునుగు విరగబూసి ఉంటే, మందు కొట్టి మొత్తం మాడ్చేశారు. మా అత్తమ్మ ప్రతి ఏడూ అక్కడే కోసుకొచ్చి బతుకమ్మ పేరుస్తుంది. ఆ ఏడు మార్కెట్లో కట్ట కొనుక్కొచ్చి, రంగు అద్దిన గునుగు పేరుస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పుడూ గ్రూపులో అడిగాను. "పిచ్చి మొక్కలమ్మా అవి" అన్నారు. బతుకమ్మను పేర్చే పువ్వు వీళ్లకు పిచ్చి మొక్క! సద్దుల బతుకమ్మ రోజు మాత్రం ఇదే అసోసియేషన్ మైకులు పెట్టి, స్టేజీ ఎక్కి శాలువాలు కప్పుకుంటుంది.

పిల్లలు సాయంత్రం అదే గడ్డిలో ఉత్త కాళ్లతో ఆడారు, నేను చూశాను. ఏ ఇంట్లోనైనా పిల్లలకు, కుక్కకు, పిల్లికి వాంతులైతే ముందు ఒళ్లు సబ్బుతో కడగండి, డాక్టర్‌కు చూపించండి. వాళ్లంతట వాళ్లు కక్కితే సరే, మీరు బలవంతంగా కక్కించకండి.

మా కాలనీ వాళ్లెవరి దగ్గరైనా ఆ మందు డబ్బా గానీ బిల్లు గానీ ఉంటే ఫోటో తీసి పెట్టండి. పేరు కనబడితే చాలు. సాయంత్రం డాక్టర్ మళ్లీ రమ్మన్నారు.