ఫలకాలు సరే, పరిహారం ఏదీ?

అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం టల్సా నగరంలో జరిగిన మారణకాండ నుంచి ప్రాణాలతో బయటపడిన వయోలా ఫ్లెచర్, లెస్సీ బెనింగ్‌ఫీల్డ్ రాండిల్ వేసిన పరిహార దావాను పునరుద్ధరించేందుకు ఓక్లహోమా సుప్రీంకోర్టు 2024 జూన్ 12న నిరాకరించడం తీవ్ర ఆవేదన కలిగిస్తోంది. అప్పటికి వారిలో ఒకరికి 110 ఏళ్లు, మరొకరికి 109. 1921 మే 31న మొదలై మర్నాటి దాకా శ్వేతజాతి మూకలు నల్లజాతివారి పేట గ్రీన్‌వుడ్‌లో సాగించిన దహనకాండను ఇక్కడ మళ్లీ ఏకరువు పెట్టనక్కర్లేదు. బాధితుల ఆవేదన న్యాయమైనదేనని ఒప్పుకున్న ధర్మాసనం, ప్రజలకు ఇబ్బంది కలిగించే పనులను అడ్డుకునే రాష్ట్ర పబ్లిక్ న్యూసెన్స్ చట్టం పరిధిలోకి అది రాదని తేల్చేసింది.

వందేళ్ల నాటి నేరానికి నేటి పన్ను చెల్లింపుదారులను బాధ్యులను చేయడం తగదనే వాదన ఉన్నమాట నిజమే. నేరం పాతబడిపోయిందనుకుంటే, దాని పేరు చెప్పి పర్యాటకులను రప్పించుకోవడం ఎలా తగింది? నగరపాలకులు ఆ చరిత్రను ఆకర్షణగా మలచి లాభపడుతున్నారన్నది దావాలోని ఆరోపణల్లో ఒకటి; కోర్టు దాన్నీ తోసిపుచ్చింది.

గ్రీన్‌వుడ్ కాలిబాటల్లో పొదిగిన చిన్న లోహపు ఫలకాలను వంగి చదివితే, నాడు ధ్వంసమైన ఒక్కో దుకాణం పేరు, అది తిరిగి తెరుచుకుందో లేదో కనిపిస్తాయి. పద్దు ఇంత స్పష్టంగా నేల మీదే రాసి ఉంది. బాకీ మాత్రం తీరలేదు. అల్లర్లలో జరిగిన నష్టానికి సొమ్ము చెల్లించనక్కర్లేదనే నిబంధన చూపి బీమా సంస్థలు నాడు చేతులెత్తేశాయి. ఇళ్లు తిరిగి కట్టుకోనివ్వకుండా నగరపాలకులు కొత్త అగ్నిమాపక నిబంధనలు తెస్తే, న్యాయవాది బి.సి. ఫ్రాంక్లిన్ డేరాలో కార్యాలయం తెరిచి పోరాడి వాటిని కొట్టివేయించారు. ఆయన కుమారుడు, చరిత్రకారుడు జాన్ హోప్ ఫ్రాంక్లిన్ పేరిట నేడక్కడ సయోధ్య పార్కు ఉంది. కష్టపడి మళ్లీ నిలబెట్టుకున్న పేటను ఆ తర్వాత ఐ-244 రహదారి చీల్చుకుంటూ పోయింది.

రాష్ట్రమే నియమించిన సంఘం 2001లో ఇచ్చిన నివేదికలో మొదటి సిఫార్సు బతికున్న బాధితులకు నేరుగా సొమ్ము చెల్లించడం. స్మారకం ఆ జాబితాలో అట్టడుగున ఉంది. పాలకులు పార్కులకు, 2021లో తెరిచిన గ్రీన్‌వుడ్ రైజింగ్ వంటి చరిత్ర కేంద్రాలకు ముందుకొచ్చారు గానీ మొదటి సిఫార్సు జోలికి పోలేదు. స్మారకాలు ఉండవలసినవే. కానీ చెల్లించవలసిన దానికి అవి బదులు కాలేవు. ఇక్కడ ఇది చెల్లుబాటైతే, రేపు ప్రతి నగరమూ ఒక శిలాఫలకంతో చేతులు దులుపుకుంటుంది.

ఉన్న చట్టం చాలదని కోర్టు చెప్పింది కాబట్టి, కొత్త చట్టం చేయవలసింది ఓక్లహోమా శాసనసభే. ఫ్లెచర్ తమ్ముడు హ్యూస్ వాన్ ఎల్లిస్ ఈ దావా తేలకుండానే 2023 అక్టోబరులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఫ్లెచర్ కూడా 2025 నవంబరులో 111 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు. మిగిలిన రాండిల్ కూడా వెళ్లిపోయాక వారి పేరిట మరో ఫలకం ఆవిష్కరించడానికి వచ్చే నాయకులెవరికీ ఆ వేదిక ఎక్కే అర్హత ఉండదు.