గాలికీ గొంతుకీ తేడా తెలియని వాక్స్

బండి మీద వాకీటాకీకి వాక్స్ (బటన్ నొక్కకుండా, మాట్లాడగానే సెట్ దానంతటదే పంపే పద్ధతి) పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లు అరవై దాటిన స్పీడులో ఒక్కసారి విని చెప్పాలి. అది గొంతును గుర్తుపట్టదండీ, మైకులో పడే చప్పుడు ఎంత గట్టిదో చూస్తుందంతే. హెల్మెట్‌లోకి గాలి దూరిందా, సెట్ ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్లిపోయినట్టే. ఒకరి గాలి హోరుతో ఛానెల్ నిండిపోతే మిగతా నలుగురూ నోరు మూసుకోవాల్సిందే. పైగా ఆ ఒక్కడికి ఏమీ వినపడదు, పంపేటప్పుడు సెట్‌కి వినే వీలుండదు కదా! బ్యాటరీ సంగతి సరేసరి.

సెన్సిటివిటీ తగ్గిస్తే ఇంకో తంటా. సెట్ మేల్కొనేలోపు మొదటి అక్షరాలు గల్లంతు. "ఆగొద్దు" అంటే అవతల "గొద్దు" అని వినిపిస్తుంది. శ్రీశైలం ఘాట్ మలుపులో దాన్ని ఏమని అర్థం చేసుకోవాలి? అందుకే ముందు "హలో" అని, అర సెకను ఆగి అసలు మాట చెప్పాలి.

మైకుకు స్పాంజి తొడిగి, పెదవులకు దాదాపు ఆనేలా పెట్టి, అప్పుడు సెన్సిటివిటీ తగ్గించుకుంటూ రావాలి. ఇంజిన్ ఆపి ఇంటి ముందు చేసే సెట్టింగు రోడ్డెక్కితే పనికిరాదు. టైమ్‌అవుట్ (ఏకధాటిగా పంపుతుంటే సెట్ తనంతట తానే ఆపేసే గడువు) 30 సెకన్లకో 60కో పెట్టండి, హోరు అక్కడితోనైనా తెగుతుంది. ముందు భాగం తెరిచి ఉండే హెల్మెట్ అయితే వాక్స్ మీద ఆశ వదులుకోవడమే. ఎడమ హ్యాండిల్‌కి ఒక పీటీటీ బటన్ (నొక్కితేనే మాట పంపేది) కట్టుకుంటే ఈ గోలే ఉండదు, కానీ వినేదెవరు?

అన్నట్టు, మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ లోపలి తక్కువ పవర్ సెట్లకు లైసెన్స్ అక్కర్లేదు.